సాక్షితో మాట్లాడిన పిల్ల

ప్రియదర్శినికి దుర్గాదేవి మీద కడుపుమంట ఏ రోజున మొదలైందో ప్రియకే తెలియదు. లా కాలేజీలో చేరిన కొత్తల్లో మాత్రం లేదు. అప్పుడు ఒంగోలు హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది, ఒకే కొబ్బరినూనె సీసా. దుర్గ అడక్కుండా ప్రియ దువ్వెన తీసుకునేది. ప్రియ ఊరగాయ జాడీలో వేలు పెట్టి నాకేది. క్లాసులో చివరి బెంచీ మీద హాయిగా నిద్రపోయేది. ప్రియ అన్నిటికీ నవ్వుకునేది. మనకంటే వెనక ఉన్నవాళ్ళు ఏం చేసినా ముద్దుగానే ఉంటుంది మరి.

మంట తర్వాత రాజుకుంది. ప్రతి ఏడాదీ మొదటి మార్కులు ప్రియవి, లెక్చరర్లు ఆపి పలకరించేది దుర్గను. కాలేజీ ఆఫీసులో ఒక సంతకం కోసం ప్రియ చెప్పులరిగేలా తిరిగేది. దుర్గ కిటికీలో తల పెట్టి "అన్నా, భోంచేసినావా?" అనేది, కాగితం చేతికొచ్చేది. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. ప్రియ నోరు చెడ్డదేమీ కాదు, కాకపోతే పుస్తకం తెరవందే అది తెరుచుకునేది కాదు.

ఆఖరి సంవత్సరంలో కాలేజీ వాళ్ళు పిల్లలందరినీ ఒక వారం పాటు వాళ్ళ వాళ్ళ ప్రాంతాల కోర్టులకు పంపారు. లాయర్ల వెంట తిరిగి, విచారణలు చూసి, వృత్తి ఎలా నడుస్తుందో తెలుసుకు రమ్మన్నారు. ప్రియ, దుర్గ మార్కాపురంలో ప్రేమకుమారి గారి దగ్గర పడ్డారు. పలకల గనుల తగాదాల నుంచి పొలం గట్ల తగాదాల దాకా, పడమటి మండలాల్లో ఆవిడ చేతిలో పడని కేసు తక్కువ. మొదటి రోజే ఆవిడ ఆఫీసులో ఖాళీగా ఉన్న కుర్చీ చూపించి మాట దాచుకోకుండా చెప్పేసింది.

"మా జూనియర్‌కు గవర్నమెంటు ఉద్యోగం వచ్చి పోయింది. మీ ఇద్దర్లో ఒకరిని పరీక్షలు కాగానే తీసుకుంటా. ఇద్దరికి నా దగ్గర చోటూ లేదు, పనీ లేదు."

లాయర్ల ఇంట్లో పుట్టని ఆడపిల్లకు ఆ కుర్చీ ఎంతటిదో చెప్పాలంటే, అది లేనివాళ్ళ బతుకు చెప్పాలి. కోర్టు గేటు పక్కన రేకుల కింద ఎండకు ఎండి, వానకు తడిసి, వచ్చేపోయే వాళ్ళను అఫిడవిట్ కావాలా అని అడుగుతూ ఏళ్ళు గడిపేస్తారు. ప్రియకు ఆ కుర్చీ కావాలి. మార్కులు చూసి ఇచ్చేదైతే అది అప్పుడే ఆమెది. కానీ పక్కన దుర్గ ఉంది.

కోర్టులోనే కాదు, ఇంట్లోనూ ఉంది. దుర్గ వాళ్ళ ఊరు గిద్దలూరు దాటి నల్లమల అంచున. వాళ్ళ నాయన ఈరన్న అడవిలో తేనె, కుంకుడుకాయలు తెచ్చి అమ్ముతాడు. అక్కడి నుంచి రోజూ వచ్చిపోవడం కష్టమని ప్రియ నాయన సుబ్బయ్య, "ఆ పాపను మనింటికి పిల్చకరా" అన్నాడు. ప్రియ వాళ్ళది పుల్లలచెరువు దోవలో కంది, పత్తి పండే మెట్ట ఊరు. దుర్గ ఒక తేనె సీసా పట్టుకుని దిగింది. దిగిన పూటే ప్రియ అమ్మను అమ్మా అంది, నాయనను నాయనా అంది. ఇంటరు అయినప్పటి నుంచి ప్రియతో "తిన్నావా, పడుకో" తప్ప మాట్లాడని సుబ్బయ్య, తేనెతుట్టెకు పొగ ఎట్ల పెడతారో వింటూ నులకమంచం మీద నుంచి లేవలేదు. అమ్మ జొన్నరొట్టెల్లో మెత్తటిది చూసి దుర్గ పళ్ళెంలో వేసింది. ప్రియకు గట్టిది వచ్చింది. ఇరవై మూడేళ్ళ పిల్ల రొట్టె కోసం ఏడవడం ఏంటని ఆమే తనను తాను తిట్టుకుంది, తిట్టుకున్నా మంట తగ్గలేదు.

నాలుగో రోజున బండిదోవ కేసు విచారణకు వచ్చింది. కాటమరాజు అనే రైతు తన చేనికి పోయే బండిదోవను పక్క చేనివాళ్ళు దున్నేశారని దావా వేశాడు. ఆయన తరపు లాయరు ప్రేమకుమారి గారే. ముందు కాటమరాజు సాక్ష్యం, ఆ తర్వాత రెండో సాక్షి మల్లమ్మ. ఆ దోవన పడి ముప్పై నలభై ఏళ్ళుగా చేనికి సద్ది మోసిన ముసలామె. ఒక సాక్షి చెప్పేది ఇంకో సాక్షి వినకూడదు కాబట్టి, తన పిలుపు వచ్చేదాకా మల్లమ్మ బయట వరండాలోనే కూర్చోవాలి. ముందు రోజు ప్రేమకుమారి గారు ఇద్దరికీ గట్టిగా చెప్పింది.

"సాక్షి బోనెక్కేదాకా మీరు సాక్షితో మాట్లాడగూడదు. మంచినీళ్ళు కావాలన్నా నా గుమాస్తా ఇస్తాడు. అర్థమైందా?"

అర్థమైంది. పొద్దున ప్రియ ఫైళ్ళు పట్టుకుని వరండాలో నడుస్తుంటే, బెంచీ మీది ముసలామె ముఖం సంబరంతో చేటంతైంది.

"ఏమ్మే, సుబ్బయ్య బిడ్డవు గదా నువ్వు?"

మల్లమ్మ ప్రియ వాళ్ళ పొరుగూరే. చిన్నప్పుడు అమ్మ కొంగు పట్టుకుని, కూలికి వచ్చిన వాళ్ళతో పాటు చేలమ్మట తిరిగే ప్రియకు పచ్చి కందికాయలు ఒలిచి నోట్లో పెట్టిన మనిషి. ప్రియ గుర్తుపట్టింది. గుర్తుపట్టి, తల పక్కకు తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. మాట్లాడకూడదన్నది నిజమే. అయితే నవ్వకూడదని ఏ చట్టంలోనూ లేదు. అసలు సంగతి వేరు. వెనకాల ప్రేమకుమారి గారు వస్తోంది. ఈ అవ్వ ఎక్కడ కందికాయల కథ ఎత్తుకుంటుందో, మేడం ముందు తన నల్లకోటు ఎక్కడ పలచనైపోతుందో అని ప్రియ భయం.

లోపల కాటమరాజును అవతలి లాయరు ప్రశ్నలతో నలిపేస్తున్నాడు. ప్రియ, దుర్గ ప్రేమకుమారి గారి వెనక బెంచీలో కూర్చున్నారు. కాసేపటికి దుర్గ మంచినీళ్ళు తాగొస్తానని సైగ చేసి బయటికి పోయింది. పోయిన మనిషి రాలేదు. ప్రియ కళ్ళు కాటమరాజు మీద, మనసు తలుపు మీద. ఏం చేస్తూ ఉంటుంది? గుమాస్తాను బుట్టలో వేసుకుంటోందా? మేడం దగ్గరికొచ్చిన ఇంకో క్లయింటుతో అన్నా, అక్కా అని వరసలు కలుపుతోందా? ఆగలేక లేచింది. మేడం ఒకసారి వెనక్కి తిరిగి చూసి మళ్ళీ కేసులో పడింది. ప్రియ తలుపు రెక్క పట్టుకుని బయటికి తొంగిచూసింది.

దుర్గ మల్లమ్మ పక్కన కూర్చుని ఉంది. వీపు తలుపు వైపు. అవ్వ చేతిని తన చేతుల్లోకి తీసుకుని ఉంది. అవ్వ పైటచెంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

"నా చేతులతో ఒలిచి పెట్టినా తల్లీ. నల్లకోటు ఏసుకుంటే ఇంక మనుషులు కండ్లకు ఆనరా?"

"అట్ల గాదవ్వా," అంటోంది దుర్గ. "సాక్షితో మాట్లాడగూడదని మా మేడం ఆర్డరు. కోర్టు పద్ధతి అది. ప్రియ లోపలికొచ్చి, మా అవ్వ పలకరించింది, నేను పలకలేకపోతి అని ఎంత బాధపడిందో నీకు తెలీదు. అట్లాంటి పిల్ల గాదు అది. మనసులో పెట్టుకోవాకు."

సాక్షితో మాట్లాడకూడదని చెప్పడానికి సాక్షి పక్కన కూర్చుని మాట్లాడుతోంది మహాతల్లి. మన వైపు మనుషులకే సాధ్యమయ్యే తప్పు ఇది. ఎదురుగా పెద్దామె కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే పలకరించకుండా దాటిపోవడం ఏ పుస్తకం చదివినా మనకు చేతకాదు. ప్రియకు ఎలా చేతనైందని అడక్కండి.

ఇంకొకరైతే అక్కడ కరిగిపోయేవాళ్ళు. తను అనని మాటలు అన్నదని, తను పడని బాధ పడ్డదని, ఒక పిల్ల తన పరువు కాపాడుతోంది. ప్రియకు మాత్రం పుండు మీద కారం చల్లినట్టైంది. నా పక్కూరి అవ్వ, నా కందికాయలు, మధ్యలో ఈమెవరు నా తరపున వకాల్తా పుచ్చుకోవడానికి? అమ్మ అయింది, నాయన అయ్యాడు, ఇప్పుడు అవ్వ. అన్నిటికంటే మండిపోయింది ఏంటంటే, దుర్గ ఆ మాటలు ఎంతో బాగా చెప్పింది. ప్రియ చెప్పి ఉంటే అంత బాగా చెప్పలేకపోయేది. అవ్వ ముఖం తేటపడే దాకా నిలబడి అంతా విని, ప్రియ తిరిగొచ్చి తన చోట కూర్చుంది. దుర్గ కూడా కాసేపటికి వచ్చి, ఏమీ ఎరగనట్టు పక్కన చేరింది.

వరండాలో చూసింది ప్రియ ఒక్కతే కాదు. అవతలి లాయరు గుమాస్తా కూడా చూశాడు. వచ్చి వాళ్ళ లాయరు చెవిలో ఊదాడు.

మల్లమ్మ బోనెక్కింది. బండిదోవ గురించి ఎన్ని అడిగినా తొణకలేదు, బెణకలేదు. దోవలో రేగుచెట్టు ఎక్కడ, బండి దిగబడే చోటు ఎక్కడ, అన్నీ చెప్పింది. ప్రేమకుమారి గారు సంతోషంగా కుర్చీలో వెనక్కి వాలింది. అప్పుడు అవతలి లాయరు కళ్ళజోడు సర్దుకున్నాడు.

"మీరు బోనెక్కే ముందు బయట వరండాలో ఒక లా స్టూడెంటుతో మాట్లాడారు. అవునా, కాదా?"

"మాట్లాడినా నాయనా."

"ఆ అమ్మాయి మీ తరపు లాయరు గారితో వచ్చిన అమ్మాయే కదా?"

"అవును, ఆడ కూసున్న పాపే."

"లోపల ఏం జరుగుతోందో, మీరేం చెప్పాలో ఆ అమ్మాయి మీకు నేర్పింది కదా?"

"అయ్యో, ఆ మాటే లేదు నాయనా. ఆ పాప చెప్పింది ఏందంటే..."

"కథలొద్దు. అవునా, కాదా?"

"కాదు."

జడ్జి గారు అంతా రాయించారు. లాయరు గారి వెంట వచ్చిన పిల్లతో సాక్షి మాట్లాడినట్టు ఒప్పుకుందన్న మాట కాగితం మీదికి ఎక్కింది. ఆ అమ్మాయి ఇంకా ఇక్కడే కూర్చుంటే ఎలా అని అవతలాయన అడిగితే, జడ్జి గారు దుర్గను బయట కూర్చోమన్నారు. దుర్గ ముఖం మాడిపోయింది. అందరూ చూస్తుండగా లేచి వెళ్ళిపోయింది. అది వెళుతుంటే ప్రియకు లోపల ఎక్కడో చల్లగా తగిలింది. దుర్గను ఒక గదిలోంచి పొమ్మనడం ప్రియ అయిదేళ్ళలో చూడలేదు.

"మళ్ళీ అడిగేది ఏమైనా ఉందా మేడం?" అన్నారు జడ్జి గారు.

అవతలి లాయరు ప్రశ్నల వల్ల మసకబారిన సంగతిని తేటపరచుకోవడానికి సాక్షి తరపు లాయరుకు ఇంకో అవకాశం ఉంటుంది. ఆ పాప నీకేం చెప్పిందమ్మా అని ఒక్కటి అడిగితే సరిపోతుంది. కానీ సాక్షి ఏం జవాబిస్తుందో తెలియకుండా బోనులో ప్రశ్న అడగడం ఆ వృత్తిలో నిప్పుతో ఆడుకోవడమే. ఏం చెప్పిందో ప్రేమకుమారి గారికి తెలియదు. చెప్పాల్సిన దుర్గ బయట ఉంది. ఆవిడ గబుక్కున వెనక్కి వంగింది.

"నువ్వు తలుపు కాడికి పోయినావు గదా. అదేం మాట్లాడిందో ఇన్నావా?"

జడ్జి గారు ఎదురుచూస్తున్నారు. ప్రియ నోట్లో మాట ఉంది. చిన్న మాట. నన్ను కోపగించుకోవద్దని చెప్పింది మేడం, అంతే. ఆ మాట చెబితే తను పెద్దామెను చూసి తల తిప్పుకున్న సంగతి కూడా చెప్పాలి. అదొక్కటే అయితే చెప్పేదేమో. దుర్గ మళ్ళీ లోపలికి వస్తుంది, మళ్ళీ అందరూ దుర్గ ఎంత మంచిదో అనుకుంటారు, ఖాళీ కుర్చీ దుర్గదైపోతుంది.

"వినపడలేదు మేడం," అంది ప్రియ.

ప్రేమకుమారి గారు నిట్టూర్చి, ఇంకేమీ లేదని జడ్జి గారికి చెప్పింది. మల్లమ్మ బోను దిగింది.

భోజనాల వేళకు వరండాలో ప్రేమకుమారి గారు దుర్గను కడిగిపారేసింది. బంగారం లాంటి సాక్షి మీద మచ్చ తెచ్చావంది. దుర్గ తల వంచుకుని, తప్పే మేడం అంది తప్ప ఏం మాట్లాడిందో చెప్పలేదు. చెబితే ప్రియ బయటపడుతుంది కదా. మేడం ప్రియ వైపు తిరిగింది.

"పరీక్షలు కాగానే నువ్వు రా. చెప్పిన మాట ఇనే పిల్ల కావాల నాకు."

ఎదురుచూసిన మాట అంత తేలిగ్గా వస్తుందని ప్రియ అనుకోలేదు. సంతోషించాలి కాబట్టి సంతోషించింది. ఎర్రబడిన కళ్ళతో దుర్గే ముందు పలకరించింది. "నీకే రావాల్సిందిలేవే అది. నేనే కోతిపని చేస్తి." ఆ మాట కూడా ప్రియకు సూదిలా గుచ్చుకుంది. ఓడిపోవడం కూడా దుర్గకు బాగా వచ్చు.

అంతలో మల్లమ్మ కొంగు సర్దుకుంటూ వాళ్ళ దగ్గరికి వచ్చింది.

"అమ్మా, నా సాక్ష్యం అయిపోయ గదా, ఇప్పుడు ఈ బిడ్డతో మాట్లాడొచ్చునా?" అని ప్రేమకుమారి గారిని అడిగింది. ఆవిడ తలూపింది. మల్లమ్మ రెండు చేతులతో ప్రియ బుగ్గలు పట్టుకుంది.

"నిన్ను తప్పుగా అనుకుంటి తల్లీ. ఈ పాప చెప్పబట్టి తెలిసె. అయినా ఏం కట్టుబాటమ్మా నీది. ఆడ తలుపు రెక్క పట్టుకోని మా మాటలన్నీ ఇంటానే వుంటివి, ఒక్క పలుకు పలకకపోతివి. లోపల ఆ లాయరు ఈ పాపను అన్నేసి మాటలంటాంటే గూడా నోరు తెరవకపోతివి. నేనైతే పట్టలేకపోదును."

ప్రియ బుగ్గలు ఇంకా అవ్వ చేతుల్లోనే ఉన్నాయి.

"యాడ నిలబడుకోనుండె అవ్వా?" అంది దుర్గ నెమ్మదిగా.

"నీ ఎనకాలే గదమ్మా. నేను ఎదురుగా చూస్తాంటి."

"ఈ పిల్ల నీకేం చెప్పిందవ్వా?" అని అడిగింది ప్రేమకుమారి గారు. మల్లమ్మ కందికాయల నుంచి మొదలుపెట్టి అంతా చెప్పింది. ఆవిడ చివరిదాకా విని, ప్రియ వైపు చూసింది. కోపం కూడా లేదు ఆ చూపులో.

"ఈ మాట అప్పుడు నా చెవిలో ఏసుంటే ఒక్క ప్రశ్నతో కడిగేసుందును. ఇప్పుడది రికార్డులో వుండిపోయె. తప్పు చేసే పిల్లకు నేర్పుకుంటా. పక్కన కూసోని నా కాడే దాచే పిల్లతో నాకు పని జరగదు." తర్వాత దుర్గతో అంది, "పరీక్షలు కాగానే నువ్వు రా. మళ్ళా సాక్షుల జోలికి పోతివా, ఆ రోజే పంపించేస్తా."

దుర్గ బెట్టు చేస్తుందని, ప్రియకే ఇవ్వండి మేడం అంటుందని ప్రియ ఒక్క క్షణం ఆశపడింది. అవును, ఇంత జరిగాక కూడా ఆశపడింది.

"వస్తాను మేడం," అంది దుర్గ.

సాయంత్రం కోర్టు గేటు దగ్గర దుర్గ ఆగింది. ప్రియ ముఖం కేసి కాకుండా రోడ్డు కేసి చూస్తూ మాట్లాడింది.

"నేను గిద్దలూరు బస్సుకు పోతాండా. నా బ్యాగు మీ ఇంట్లో వుంది. రేపు వచ్చేటప్పుడు తీసుకురండి."

ఆ మాట తనతోనే అన్నదని ప్రియకు కాసేపు అర్థం కాలేదు. వెనకాల పెద్దవాళ్ళెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసింది. ఎవరూ లేరు. దుర్గ అప్పటికే రోడ్డు దాటేసింది.

పుల్లలచెరువు ఆటోలో ఇరుక్కుని కూర్చుని ప్రియ ఇల్లు చేరింది. దారంతా ఏడుపు రాలేదు, మంటే వచ్చింది. కుర్చీ పోయినందుకు కాదు. మల్లమ్మ వెళ్ళేటప్పుడు దుర్గ తల నిమిరి వెళ్ళింది. అది కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. తప్పు చేసింది తనే అని తెలుసు, అయినా ఆ చెయ్యి దుర్గ తల మీద ఉండడం ఆమెకు సహించలేదు.

వాకిట్లో సుబ్బయ్య నిలబడి ఉన్నాడు. కూతురు ఆటో దిగగానే ఆమె వెనక్కి చూశాడు, ఆటోలోకి వంగి చూశాడు.

"దుర్గ ఏదమ్మా?"

"వాళ్ళ ఊరికి పోయింది నాయనా."

"ఉన్నట్టుండి అట్ల ఎట్ల పోయింది? సామాన్లన్నీ ఈడనే వుండె." సుబ్బయ్య కూతురి ముఖంలోకి చూశాడు. "ఆ పిల్లను ఏమన్నా అంటివా?"

ప్రియ చెప్పులు విప్పి అరుగు కింద పెట్టింది.

"లేదు నాయనా," అంది. "నేనేమీ అనలేదు."